టెలిఫోన్ తీగ నుండి ఇంటర్నెట్ బాటకు

ట్రంకు కాల్ బుక్ చేసి గంటల తరబడి ఎదురుచూసిన రోజులు మన పెద్దలకు బాగా గుర్తే. 1960లో కాన్పూరు - లక్నోల మధ్య మన దేశంలో తొలి ఎస్.టి.డి. మొదలైంది. నేడు అదే మాట ఇంటర్నెట్ మీద ప్రయాణిస్తున్నది. వానల్లేక బెంగుళూరుకు వలసపోయిన మన అనంతపురం జిల్లా వారికి ఊరితో మిగిలిన బంధం ఫోనే గనుక, ఈ విషయం మనకు కొత్త వింత మాత్రమే కాదు, అవసరం కూడా.

ముందు మాట అంకెలుగా మారాలి. సెకనుకు 8000 సార్లు ధ్వనిని కొలిచి, ప్రతి కొలతను 8 బిట్లలో రాస్తే 64,000 బిట్లవుతాయి. 20 మిల్లీసెకన్ల మాట 160 బైట్లు. దానికి చిరునామా వగైరాలకై 40 బైట్లు చేర్చి పొట్లం కడతారు. అలాంటి పొట్లాలు సెకనుకు 50 అంటే, మొత్తం 80,000 బిట్లు. ఈ పని చేసే పెట్టెనే గేట్‌వే అంటారు. ఒకవైపు టెలిఫోన్ లైను, రెండోవైపు ఇంటర్నెట్.

ఇక అసలు సంగతి దారి ఎంపిక. ఒక కళాశాల ఎక్స్ఛేంజినే తీసుకుందాం. దాని గేట్‌వేలో ఇట్లా రాసుకోవచ్చు:

1. 2తో మొదలయ్యే మూడంకెలు: లోపలి ఫోన్లు.
2. 08554: అనంతపురం. స్థానిక లైను.
3. 080: బెంగుళూరు. లైసెన్సు గల సంస్థ ఇచ్చిన ఇంటర్నెట్ ట్రంకు.
4. 0: మిగతా ఊళ్ళు. మామూలు ఎస్.టి.డి. లైను.
5. 108, 112: ఎప్పుడూ స్థానిక లైనే.

080 నంబరు మూడో సూత్రానికీ, నాలుగో సూత్రానికీ సరిపోతుంది కదా, ఏది గెలుస్తుంది? ఎక్కువ అంకెలు కలిసినదే గెలుస్తుంది. అయితే తొందరలో మూడో సూత్రాన్ని 08 అని రాశారనుకోండి. కడప (08562), కర్నూలు (08518) పిలుపులు కూడా బెంగుళూరు ట్రంకులో పడతాయి! అనంతపురానికి విడి సూత్రం ఉంది కాబట్టి అది మాత్రం తప్పించుకుంటుంది. ఇంటర్నెట్ తెగినప్పుడు 080 పిలుపు కూడా ఎస్.టి.డి. లైనుకు మళ్ళేటట్టు రెండో దారి రాసి ఉంచాలి.

ఐదో సూత్రం ప్రాణానికి సంబంధించినది. అత్యవసర పిలుపు ఎక్కడో దూరపు నగరంలో ట్రంకు దిగితే అక్కడి కేంద్రానికి పోవచ్చు. ఆంబులెన్సు రావలసింది మాత్రం ఇక్కడికి. ఇంకొకటి. పాత తీగఫోనుకు ఎక్స్ఛేంజి బ్యాటరీ నుండే 48 వోల్టులు వస్తాయి. ఊళ్ళో కరెంటు పోయినా మోగుతుంది. గేట్‌వేకు ఆ సౌకర్యం లేదు. అందుచేత యు.పి.ఎస్. పెట్టాలి. కరెంటు పోగానే ఒక ఫోను నేరుగా లైనుకు కలిసే ఏర్పాటు ఉంటే మరీ మంచిది.

విద్యార్థి మిత్రులారా! అమర్చడమంటే కేవలం తీగలు కలపడం కాదు. ఎవరి పిలుపు ఏ వేళ ఎక్కడికి చేరాలో ముందుగా ఆలోచించడం. పట్టిక రాసి ఊరుకోక, ప్రతి సూత్రానికీ ఒక నంబరు తిప్పి చూడండి. ఇంటర్నెట్ తీగ పీకి మళ్ళీ తిప్పి చూడండి. కరువు నేల మీద నీటిబొట్టు లాగే, ఒక్క పిలుపు కూడా వృథా పోరాదు.