కృష్ణానగర్‌కు తొందరేముంది?

"కోర్సు అయిపోయిందండీ. ఇక హైదరాబాద్ పంపించెయ్యమంటారా?"

థియేటర్ ఆర్ట్స్ చదివిన పిల్లల తల్లిదండ్రులు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇదే. హైదరాబాద్ అంటే వాళ్ల ఉద్దేశంలో కృష్ణానగర్. అక్కడొక గది తీసుకుని, నాలుగు ఫొటోలు దిగి, సినిమా ఆఫీసుల చుట్టూ తిరిగితే ఏడాది తిరిగేలోగా తెర మీద కనిపిస్తాడని ఆశ. ఈమధ్య అమృతలూరు పక్క పల్లె నుంచి వచ్చిన ఒక తండ్రి గదికి అడ్వాన్సు కట్టేశాక నా సలహా అడగడానికి వచ్చారు. కొడుకు పక్కనే కూర్చున్నాడు. రెండేళ్ల పీజీ చేశాడు. చక్కటి గొంతు, పదం స్పష్టంగా పలుకుతాడు. "నువ్వేం చేద్దామనుకుంటున్నావు బాబూ?" అంటే తండ్రి ముఖం వైపు చూశాడు.

ఆ తండ్రికి చెప్పిందే అందరికీ చెబుతున్నాను. నటన చదివిన పిల్లలకు మొదటి రెండు మూడేళ్లు స్టేజీ మీదే గడవాలి. ఆ రెండు మూడేళ్లూ తిండికి వేరే ఆధారం ఉండాలి. సినిమా ఆ తర్వాత వస్తే రానివ్వండి, రాకపోతే పోనివ్వండి. నాటకం చదువు సినిమాకు తొలిమెట్టు అన్న నమ్మకమే పిల్లల్ని పాడుచేస్తోంది. అది దానంతట అదే ఒక చదువు, దానంతట అదే ఒక వృత్తి.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంవాళ్లకు ఈ మాట నేను చెప్పాల్సి రావడమే బాధ. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో పుట్టింది తెనాలిలోనే. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు గారు తెనాలి రామవిలాస సభలో చేరి సత్యభామగా, చిత్రాంగిగా తెలుగు దేశమంతటినీ మెప్పించారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. సినిమాల్లో ఆయన కనిపించింది బహు తక్కువ, పేరు మాత్రం నేటికీ చెదరలేదు. ఇక సినిమాల్లో స్థిరపడినవాళ్లనే తీసుకోండి. గోవిందరాజుల సుబ్బారావు గారు తెనాలిలో ప్రాక్టీసు పెట్టిన డాక్టరు. పగలు రోగులు, రాత్రి రిహార్సల్స్. 'మాలపిల్ల'లోనూ 'కన్యాశుల్కం'లోనూ ఆయన చేసిన పాత్రల వెనక స్టేజీ మీద గడిపిన ఏళ్లున్నాయి. రావికంపాడు నుంచి వచ్చిన గుమ్మడి గారు తెనాలిలో రేడియోల దుకాణం నడిపారు. ఆ తర్వాతే 1950లో 'అదృష్టదీపుడు' సినిమా. మోరంపూడి బిడ్డ జగ్గయ్య గారు ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివారు. కోట శ్రీనివాసరావు గారు బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ ఏళ్ల తరబడి నాటకాలాడారు. నటులే కాదు, బాపట్లలో వైద్యం చేసిన కొర్రపాటి గంగాధరరావు గారు రాసిన నాటికలు ఆడని ఊరు మన జిల్లాల్లో ఉండేది కాదు. మన కళ్ల ముందే తెనాలి పక్కన కొలకలూరు గోపరాజు రమణ గారున్నారు. 2020లో వచ్చిన 'మిడిల్ క్లాస్ మెలొడీస్'లో హీరో తండ్రిగా చూసి జనం ఆశ్చర్యపోయారు గానీ, నాటకం తెలిసినవాళ్లకు ఆయన కొత్త కాదు. ఆ సహజత్వం పరిషత్తు స్టేజీల మీద పండింది.

వీళ్లలో ఎవరూ కడుపు మాడ్చుకుని అవకాశం కోసం ఎవరి గుమ్మం దగ్గరా నిలబడలేదు. ఒక చేత్తో సంపాదన, ఇంకో చేత్తో నాటకం.

యూనివర్సిటీలో నాటకం వేసేటప్పుడు హాలు డిపార్ట్‌మెంటుది, లైట్లు డిపార్ట్‌మెంటువి, ముందు వరసల్లో కూర్చునేది తోటి విద్యార్థులు, మాస్టార్లు. తప్పుపోయినా చప్పట్లు కొడతారు. బయట ఆ రక్షణ ఉండదు. గోవాడ శివరాత్రి లాంటి తిరునాళ్లలో ఒక పక్క ప్రభల వెలుగులు, ఇంకో పక్క మైకుల హోరు. ఎదురుగా చాపల మీద సగం నిద్రలో ఉన్న జనం. మాట పట్టు తప్పితే లేచి టీ తాగడానికి వెళ్లిపోతారు. ఆ జనాన్ని కూర్చోబెట్టడం ఏ సిలబస్‌లోనూ లేదు. నటన సిద్ధాంతాల మీద పది పేజీలు రాయగల కుర్రాణ్ణి హార్మోనిస్టు "ఎంత శ్రుతి బాబూ?" అని అడిగితే తెల్లమొహం వేయడం చూశాను. పద్యం పాడమని కాదు నా పట్టుదల. కానీ గొంతు ఏ స్థాయిలో నిలుస్తుందో, ఎక్కడ చీలుతుందో నటుడికి తెలియాలి. రాయబారం సీనులో కృష్ణుడి పక్కన మాట లేని వేషం వేసినా సరే, సీనియర్ నటుడు ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో అంత దగ్గరగా చూడడానికి ఇంకెక్కడా వీలుండదు.

పరిషత్తు పోటీలది ఇంకో రకం శిక్షణ. పల్లెకోనలో పరుచూరి రఘుబాబు స్మారక పోటీలు గానీ, తెనాలి రామకృష్ణ కవి కళాక్షేత్రంలో జరిగే ప్రదర్శనలు గానీ ఓసారి తెర వెనక నిలబడి చూడండి. ఒక నాటిక అయిపోగానే దాని సెట్టు విప్పెయ్యాలి, నిమిషాల మీద తర్వాతి నాటక సమాజం తన సెట్టు నిలబెట్టాలి. తలుపు చట్రం పట్టుకునేది కాసేపట్లో ఆ తలుపులోంచి ప్రవేశించాల్సిన నటుడే. మేకప్ చెరక్కుండా చెమట తుడుచుకుంటూ మేకులు కొడతాడు. పైన వేలాడదీసిన మైకు కింద ఎక్కడ నిలబడితే మాట అందుతుందో లైటు వెలిగేలోపు చూసుకుంటాడు. డిగ్రీ చేతిలో ఉన్న పిల్లలు ఈ పని తక్కువని పక్కన నిలబడితే ఏ సమాజమూ రెండోసారి పిలవదు. పనిచేసేవాళ్లకు మాత్రం ఏడాదిలో నాలుగు నాటికల్లో వేషాలు దొరుకుతాయి.

ఇక డబ్బు సంగతి. దీన్ని దాచిపెట్టి పిల్లల్ని ప్రోత్సహించడం పాపం. పరిషత్తు నాటకం మీద బతకలేం. వ్యాను, సెట్టు, మేకప్, లైట్లు, సంగీతం, భోజనాలు అన్నీ సమాజం నడిపే పెద్దమనిషి జేబులోంచే మొదలవుతాయి. పరిషత్తు ఇచ్చే పారితోషికం, బహుమతి కలిపినా చాలాసార్లు ఆ ఖర్చు తీరదు. అందుకే కొన్నిచోట్ల కొత్తగా వచ్చిన కుర్రాణ్ణి "మీ నాన్నగారు కాస్త సాయం చేస్తే ఈసారి ప్రధాన పాత్ర నీదే" అంటారు. ఆ మాట వినగానే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి. డబ్బు పెట్టి కొనుక్కున్న పాత్ర నటుడికి ఏమీ నేర్పదు, మరుసటి ఏడాది మళ్లీ అంతే అడుగుతారు. తిరునాళ్ల పద్యనాటకాలు వేరు. అక్కడ కాంట్రాక్టరు మాట్లాడుకుని రేటు ఇస్తాడు, కానీ ఆ రేటు పేరున్న పద్యనటులకు. కొత్తవాళ్లకు దారి ఖర్చులు వస్తే గొప్ప.

ఆడపిల్లల విషయం తిరగబడి ఉంటుంది. మగవాళ్లు సరదాకు ఆడే చోట నటీమణులు ప్రదర్శనకింత, రిహార్సల్‌కింత అని తీసుకుంటారు. అది వాళ్ల హక్కు, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. సంపాదన మొదటి నెల నుంచే ఉంటుంది గనక ఆడపిల్లలు స్టేజీ మీద త్వరగా నిలదొక్కుకుంటారు. అందులోనే ఉరి కూడా ఉంది. డబ్బు కోసం ఒప్పుకుంటూ పోతే ఏడాదికి పదిహేను నాటికల్లో అదే ఏడ్చే తల్లి, అదే గయ్యాళి కోడలు. రెండేళ్లకు గొంతులో ఒకే జీర మిగులుతుంది. రాత్రి ప్రదర్శన అయ్యాక తిరుగు ప్రయాణం ఎలా, బస ఎక్కడ, ఇంకో స్త్రీ ఎవరు తోడున్నారు అన్నవి ఒప్పుకోకముందే తేల్చుకోవాలి. ఇవి అడిగితే విసుక్కునే సమాజంలో వేషం వద్దనే చెబుతాను.

అసలు జాగ్రత్త పడాల్సింది మాత్రం నటన నేర్పుతామనే దుకాణాల దగ్గర. రెండు మూడేళ్లు నాటకం చదివిన పిల్లవాణ్ణి మళ్లీ మూడు నెలల "కెమెరా యాక్టింగ్" కోర్సులో చేర్చి లక్షలు కట్టేవాళ్లున్నారు. ఫీజు అయ్యాక పోర్ట్‌ఫోలియో, అది అయ్యాక డెమో వీడియో, ఆ తర్వాత కో-ఆర్డినేటర్ కార్డు. ఒక్కో మెట్టు దగ్గరా ఇంకొంచెం కడితే పని అయిపోతుందంటారు. చివరికి షార్ట్ ఫిలిం తీద్దాం, నువ్వే హీరో, సగం పెట్టుబడి పెట్టు అంటారు. కౌలుకు చేసుకునే రైతు వడ్డీకి తెచ్చి కట్టిన సందర్భాలు నాకు తెలుసు. అరెకరం అమ్మినవాళ్లూ ఉన్నారు. ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోండి. నిజంగా నటుడు కావాల్సిన కంపెనీ ఆడిషన్‌కు డబ్బు తీసుకోదు, వేషం వేసినందుకు డబ్బు ఇస్తుంది. రూపాయి ఏ దిక్కుకు పోతోందో చూస్తే మోసం అక్కడే తెలిసిపోతుంది.

మరి ఆధారం ఎక్కడ? నాకు ఇష్టమైన దారులు చెబుతాను. కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకు ఇచ్చే స్కాలర్‌షిప్పు 18 నుంచి 25 ఏళ్లవాళ్లకు నెలకు రూ.5,000 చొప్పున రెండేళ్లు వస్తుంది, నాటకం అందులో ఉంది. మన పల్లెల నుంచి దానికి దరఖాస్తు చేసేవాళ్లే కనిపించరు. పాతికేళ్లు దాటితే జూనియర్ ఫెలోషిప్పు ఉంది, నెలకు రూ.10,000. అదే శాఖ రిపర్టరీ గ్రాంటు పొందే బృందాల్లో చేరితే శిష్యుడిగా నెలనెలా కొంత అందుతుంది. విజయవాడ ఆకాశవాణికి నాటకాల విషయంలో పెద్ద చరిత్ర ఉంది. డ్రామా ఆడిషన్ పాసై గ్రేడు తెచ్చుకుంటే చేసిన నాటకానికల్లా పారితోషికం వస్తుంది, గొంతుకు సాధన అవుతుంది. ప్రైవేటు బడుల్లో నాటకం నేర్పే టీచర్లకు గిరాకీ పెరుగుతోంది, పిల్లలతో పనిచేయడం నటుడికి ఓర్పు నేర్పుతుంది. పీజీ చేసినవాళ్లు యూజీసీ నెట్ రాయాలి. అందులో నృత్యం, నాటకం కలిపి ఒక సబ్జెక్టు ఉంది, కాలేజీ ఉద్యోగానికి అదొక దారి.

ఇంకా చదవాలనుకుంటే ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా మూడేళ్ల కోర్సు ఉంది. డిగ్రీ, కనీసం ఆరు నాటకాల అనుభవం, హిందీ, ఇంగ్లీషు పరిచయం అడుగుతారు. పీజీ చేయనివాళ్లకు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీ, హైదరాబాద్ తెలుగు విశ్వవిద్యాలయం ఉన్నాయి. నన్నడిగితే ఎన్.ఎస్.డి.కి పోయే పిల్లలు ముందు ఒక ఏడాది ఊళ్లో ఆడి, ఆ ఆరు నాటకాల లెక్క నిజాయితీగా పూర్తిచేసుకుని వెళ్లాలి.

చదువయ్యాక నటుణ్ణి ఎలా నిలబెట్టాలో పక్క కన్నడంవాళ్లు చేసి చూపించారు. శివమొగ్గ జిల్లా హెగ్గోడు అనే చిన్న పల్లెలో కె.వి.సుబ్బణ్ణ గారు 1949లో నీనాసం మొదలుపెట్టారు. 1980లో అక్కడే నాటక శిక్షణ కేంద్రం వచ్చింది. శిక్షణ పొందినవాళ్లు ఏం చేయాలన్న ప్రశ్న రాగానే 1985లో 'తిరుగాట' అనే బృందం పెట్టి, ప్రతి ఏడాదీ కొత్త నాటకాలతో రాష్ట్రమంతా తిప్పుతున్నారు. కొత్త నటులు జీతం తీసుకుంటూ ఊరూరా తిరిగి ఆడతారు. హెగ్గోడు అమృతలూరు కంటే పెద్ద ఊరేమీ కాదు. మనకు సురభి ఉంది, 1885 నుంచీ కుటుంబాలుగా నాటకాన్ని మోస్తూ వస్తున్నారు. బయటి నుంచి చదువుకుని వచ్చిన పిల్లలు కొన్నాళ్లు అక్కడ తెరలాగినా, వైర్లు కట్టినా, నాలుగు పుస్తకాల్లో లేనిది నేర్చుకుంటారు. తెనాలి చుట్టుపక్కల ఇన్ని సమాజాలు, ఇన్ని పరిషత్తులు ఉండి, ఏడాది పొడవునా జీతమిచ్చి నలుగురు కొత్త నటుల్ని తిప్పే బృందం ఒక్కటీ లేకపోవడం నాకు మింగుడుపడదు. బహుమతుల మీద పెట్టే డబ్బులో కొంత ఇటు మళ్లించమని పరిషత్తుల పెద్దల్ని చేతులు జోడించి అడుగుతున్నాను.

తల్లిదండ్రులతో ఇంకో మాట. మీలో ఒక వర్గం "నాటకాలాడితే చెడిపోతాడు" అని గ్రూప్స్ కోచింగ్‌కు తోస్తోంది. ఇంకో వర్గం ఏడేళ్ల బిడ్డ చేత పెద్దవాళ్ల డైలాగులు చెప్పించి రీల్స్ తీస్తోంది. రెండూ పిల్లల మెడ మీద కత్తి పెట్టడమే. ముఖ్యంగా ఆ చిన్నపిల్లల్ని వదిలెయ్యండి. దుర్యోధనుడి ఏకపాత్ర గొంతు చించుకుని చెప్పించి, ఏడిస్తే మందలించి, మళ్లీ చెప్పించే తల్లుల్ని చూసి నేను ఊరుకోలేకపోయాను. లేత గొంతు ఒకసారి దెబ్బతింటే పదహారేళ్లకు ఆ బిడ్డ నిజంగా నటుడు కావాలనుకున్నప్పుడు పలకడానికి ఇబ్బంది పడొచ్చు. బడిలో అందరితో కలిసి ఒక నాటికలో చెట్టు వేషం వేసినా చాలు, ఆ వయసుకు.

చదువు పూర్తిచేసుకుని ఇంటికొచ్చిన పిల్లలు ముందు ఒక పుస్తకం పెట్టుకోండి. ఆడిన ప్రతి నాటకం పేరు, రచయిత, దర్శకుడు, తేదీ, ఊరు, వేసిన పాత్ర రాసిపెట్టండి. కరపత్రాలు, ఫొటోలు, పత్రికల్లో వచ్చిన ముక్కలు పారెయ్యకండి. స్కాలర్‌షిప్పుకైనా, ఎన్.ఎస్.డి. ఇంటర్వ్యూకైనా ముందు అడిగేది అవే. ఆధార్, పుట్టినతేదీ సర్టిఫికెట్లలో పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి, దరఖాస్తులు ఎక్కువగా పోయేది అక్కడే. తర్వాత మీకు దగ్గర్లో ఉన్న ఒక సమాజం రిహార్సల్‌కు వెళ్లి, వేషం అడక్కుండా, ప్రాంప్టింగ్ చేస్తానని చెప్పండి. ఆ అమృతలూరు పక్క పల్లె అబ్బాయి ఇప్పుడు పొద్దున ఒక బడిలో పిల్లలకు తెలుగు చెబుతున్నాడు, సాయంత్రం బండేసుకుని తెనాలి రిహార్సల్‌కు వెళ్తున్నాడు. గది అడ్వాన్సు మాత్రం వెనక్కి రాలేదు.