గలిలయుల రక్తము, సిలోయము గోపురము

పాఠ్యభాగములు: లూకా 13:1–9, అపొ. కార్యములు 21:27–39



ఈ మాసము మన పాఠమునకు 2007వ సంవత్సరమును తీసికొనుచున్నాము. ఇంత పాత సంగతి ఎందుకని కొందరు అడుగవచ్చును. బాంబు ప్రేలిన మరునాడు ఎవరును నిదానముగా ఆలోచింపరు. ఆ దినము కోపము మాటలాడును, భయము మాటలాడును. 2007లో జరిగిన వాటి విషయములో న్యాయస్థానముల తీర్పులు చాలవరకు ఇప్పుడు మన యెదుట ఉన్నవి. అప్పుడు జనులు ఏమి అనుకొనిరో, తరువాత ఏమి తేలెనో, రెంటిని ప్రక్క ప్రక్కన పెట్టి చూచుటకు ఇది తగిన కాలము.

మొదట సంగతులు చెప్పుకొందము. 2007 మే 18, శుక్రవారము. హైదరాబాదు పాత బస్తీలో మక్కా మసీదునందు జుమా నమాజుకు వేలాదిమంది కూడియుండగా, కాళ్లు చేతులు కడుగుకొను నీటి తొట్టి దగ్గర బాంబు ప్రేలెను. 9 మంది చనిపోయిరి. ఆ తరువాత వీధిలో గందరగోళము చెలరేగగా పోలీసు కాల్పులలో మరి 5గురు చనిపోయిరి. ఒకే మధ్యాహ్నమున ఒకే స్థలములో రెండు విధముల మరణములు.

మూడు నెలలు గడచినవి. ఆగస్టు 25, శనివారము సాయంకాలము. సచివాలయమునకు ఎదుట నున్న లుంబినీ పార్కులో లేజరు కాంతి ప్రదర్శన చూచుటకు కుటుంబములు కూర్చుండియున్నవి. అక్కడ ఒక బాంబు. కొద్ది నిమిషములలోనే కోఠిలోని గోకుల్ చాట్ దుకాణము దగ్గర మరియొకటి. మూడవది దిల్‌సుఖ్‌నగరులో కాలినడక వంతెన క్రింద దొరికెను. అది ప్రేలకముందే నిర్వీర్యము చేసిరి. ఆ రాత్రి చనిపోయినవారు 40 మందికి పైగా. వారిలో మహారాష్ట్ర నుండి విహారయాత్రకు వచ్చిన ఇంజనీరింగు విద్యార్థులు 7గురు. ఎక్కడనో సంగమనేరులో తల్లిదండ్రులు పిల్లలు హుస్సేన్ సాగరము చూచి వత్తురని ఎదురు చూచుచుండిరి.

ఆ సంవత్సరము మన పట్టణము ఒక్కటే కాదు. ఫిబ్రవరిలో ఢిల్లీ నుండి సరిహద్దుకు పోవు సంఝౌతా రైలుబండిలో పానిపట్టు దగ్గర 68 మంది కాలి చనిపోయిరి. వారిలో ఎక్కువమంది పాకిస్తాను వారు, మనవారును ఉండిరి. మార్చి 15న మనకు పొరుగున ఛత్తీస్‌గఢ్‌లోని రాణీబోద్లి పోలీసు శిబిరముమీద మావోయిస్టులు పడగా 55 మంది హతులైరి. బాగ్దాదులో పుస్తకముల అంగడి వీధి ప్రేలిపోయెను. ఏప్రిల్ 18న తుర్కీ దేశములో మలత్యా అను ఊరిలో బైబిలు గ్రంథములు ప్రచురించు కార్యాలయమున ముగ్గురు క్రైస్తవులను చంపిరి. ఆగస్టులో ఇరాకునందలి యెజీదీల పల్లెలలో వందలకొలది జనులు చనిపోయిరి. అక్టోబరులో అజ్మీరు దర్గాలో ఉపవాసము విడుచు వేళ ఒక బాంబు. అదే నెల కరాచీలో బేనజీరు భుట్టో ఊరేగింపుమీద దాడి, డిసెంబరు 27న రావల్పిండిలో ఆమెయే హతురాలగుట. ఈ వరుస చదువుచు పాఠకులు ఒక సంగతి గమనింతురు గాక: చచ్చినవారు ఒక మతము వారు కారు, చంపినవారును ఒక మతము వారు కారు.

ఇక లూకా సువార్త 13వ అధ్యాయము తెరువుడి. కొందరు యేసునొద్దకు ఒక వార్త తెచ్చిరి. దేవాలయములో బలి అర్పించుచున్న గలిలయులను పిలాతు చంపించెను. వారి రక్తము బలిపశువుల రక్తముతో కలిసిపోయెను. ఆరాధనలో నున్నవారు ఆరాధనలోనే చచ్చిరి. మక్కా మసీదు సంగతి విన్న మనకు ఈ వచనమునకు వేరే వ్యాఖ్యానము అక్కరలేదు.

వార్త తెచ్చినవారి మనస్సులో ఏమున్నదో లూకా వ్రాయలేదు గాని, ప్రభువు ఇచ్చిన జవాబునుబట్టి కొంత తెలియుచున్నది. వారు చచ్చినవారి పాపము వెదకుచున్నారు. పైగా వారు గలిలయులు! రోమా ప్రభుత్వముమీద తిరుగబడిన యూదా గలిలయుడే గదా (అపొ. 5:37). కాబట్టి గలిలయుడనగానే తిరుగుబాటుదారుడను అనుమానము యెరూషలేములో సులభముగా పుట్టును. ప్రభువు ఆ తలంపును కోసివేసెను. ఆ గలిలయులు మిగిలిన గలిలయులకంటె ఎక్కువ పాపులు కారు అనెను. అంతటితో ఆగక, తానే మరియొక సంగతి ఎత్తెను. సిలోయములో గోపురము కూలి 18 మంది చనిపోయిరి. వారును యెరూషలేములో కాపురమున్న ఇతరులకంటె అపరాధులు కారు.

గోపురము మాట ఎందుకు కలిపెను? మొదటిది మనుష్యులు చేసిన హత్య, రెండవది కట్టడము కూలిన ప్రమాదము. రెంటికిని పోలిక ఏమి? మన పట్టణములోనే దీనికి దృష్టాంతమున్నది. లుంబినీ పార్కు, గోకుల్ చాట్ సంగతి జరిగి పదునైదు దినములకే, 2007 సెప్టెంబరు 9న, పంజాగుట్టలో కట్టుచున్న ఫ్లైఓవరు వంతెన కూలి క్రింద పోవుచున్న వాహనములమీద పడెను. ఒకే పట్టణము, ఒకే పక్షము: ఒక ప్రక్క పిలాతు కత్తి, మరియొక ప్రక్క సిలోయము గోపురము. ఎవరైనను చంపినప్పుడు హంతకునిమీద కోపముచేత చచ్చినవానిని గూర్చి మనము కొంత జాగ్రత్తగా మాటలాడుదుము. ప్రమాదమైనప్పుడు నిందించుటకు హంతకుడు కనబడడు గనుక, చచ్చినవాని తలవ్రాతయో పాపమో అని తేల్చివేయుదుము. ప్రభువు రెండు తలుపులును మూసివేసెను.

మన కూటములలో వినబడు ఒక మాటను ఇక్కడ చెప్పక తప్పదు. శనివారము రాత్రి వినోదమునకు పోయినందున అట్లు జరిగెననియు, ప్రార్థనకు పోయియుంటే బ్రదికెదరనియు కొందరు బోధకులు ఉపమానముగా చెప్పుదురు. ఇది మంచి ఉపమానము కాదు. మక్కా మసీదులోనివారు ప్రార్థనకే పోయిరి. పిలాతు చంపించిన గలిలయులు బలిపీఠము దగ్గరనే ఉండిరి. మలత్యాలోని ముగ్గురు లేఖనముల పనిలోనే ఉండిరి. పిల్లలకు చాటు పెట్టించుటకు గోకుల్ చాటుకు పోయిన తండ్రి ఏ పాపము చేసెను? యోబు స్నేహితులు ఏడు దినములు నోరు మూసికొని కూర్చున్నంతవరకు మంచి స్నేహితులే. నోరు తెరచిన తరువాతనే వారు చెడిపోయిరి.

అయితే మారుమనస్సు మాట ప్రభువు రెండుసార్లు చెప్పెను గదా అని అడుగుదురు. నిజమే. కాని ఎవరితో చెప్పెను? చచ్చినవారిని గూర్చి కాదు, వార్త మోసికొని వచ్చినవారితో. అనగా వినుచున్న మనతో. మనము దేనినుండి తిరుగవలెను? ఈ ప్రశ్నకే రెండవ పాఠ్యభాగము అవసరమైయున్నది.

అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయములో పౌలు దేవాలయములో పట్టబడెను. కారణమేమి? ఎఫెసు వాడైన త్రోఫిము అతనితో పట్టణములో తిరుగుచుండగా కొందరు చూచిరి. దేవాలయములోనికి కూడ తీసికొనివచ్చి యుండునని తలంచిరి. చూడలేదు, తలంచిరి. ఆ తలంపుమీద పట్టణమంతయు కదలెను. పిమ్మట రోమా సహస్రాధిపతి వచ్చి, మొదట సంకెళ్లు వేయించి ఆ తరువాత ఎవడని విచారించెను. ఇంతకుముందు నాలుగువేలమంది హంతకులను అరణ్యమునకు నడిపించిన ఐగుప్తీయుడు ఇతడే అని అతని భ్రమ. నేటి మాటలో చెప్పినయెడల, అపొస్తలుడైన పౌలును ఉగ్రవాదుల నాయకుడనుకొనిరి. అతడు గ్రీకు భాషలో మాటలాడినప్పుడు గాని ఆ భ్రమ తొలగలేదు.

మక్కా మసీదు సంగతిలో ఇదే జరిగెను. పాత బస్తీకి చెందిన అనేక ముసల్మాను యువకులను పోలీసులు పట్టుకొనిపోయిరి. తమ్మును హింసించిరని వారు చెప్పిరి. కొందరు నెలల తరబడి చెరలో ఉండిరి. తుదకు న్యాయస్థానములు వారిని నిర్దోషులుగా విడుదల చేసెను. ప్రభుత్వము వారిలో కొందరికి పరిహారమిచ్చెను గాని ఆ ఉత్తర్వును 2013లో హైకోర్టు కొట్టివేసెను. చంపబడినవారు ముసల్మానులు, పట్టబడినవారును ముసల్మానులే. తరువాత దర్యాప్తు వేరొక దారి పట్టి, హిందూ తీవ్రవాదులని చెప్పబడిన కొందరిమీద కేసు నడచెను. 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక న్యాయస్థానము విచారించిన 5గురిని, నేరము రుజువు కాలేదని విడిచిపెట్టెను. కాబట్టి ఆ 9 మందిని చంపినది ఎవరో న్యాయస్థానము నేటివరకు చెప్పలేకపోయెను. సంఝౌతా రైలు కేసు కూడ 2019లో ఇట్లే ముగిసెను. లుంబినీ పార్కు, గోకుల్ చాట్ కేసులో మాత్రము 2018 సెప్టెంబరులో ఇద్దరికి మరణశిక్షయు, ఒకరికి యావజ్జీవ శిక్షయు విధించిరి. ఎవరికి రుజువు దొరికెనో వారికి శిక్ష; అది న్యాయమే. మిగిలిన చోట్ల పల్లెపల్లెకు జనులు ఊహించి పేర్లు పెట్టుకొనిరి.

ఇది ఇతరుల సంగతి అని మనము తప్పించుకొనలేము. 2000వ సంవత్సరము మే నెలలో మచిలీపట్నములోను, జూన్ 8న ఒంగోలు జ్యూవెట్ స్మారక బాప్టిస్టు దేవాలయములోను, తాడేపల్లిగూడెము రోమను కతోలిక దేవాలయములోను బాంబులు ప్రేలినవి. జూలై 8న హుబ్లీలో లూథరన్ దేవాలయము, మరునాడు బెంగుళూరులో మరియొకటి. అంతకు ముందు సంవత్సరమే ఒరిస్సాలో గ్రాహం స్టెయిన్సు గారిని, ఇద్దరు బాలురను సజీవ దహనము చేసియుండిరి గనుక, క్రైస్తవులలో అనేకుల అనుమానము హిందూ సంస్థలమీదికే పోయెను. అటువంటి దినములలో ఆ అనుమానము పుట్టుట వింత కాదు. కాని జూలై 9 రాత్రి బెంగుళూరులో బాంబులు మోసికొని పోవుచున్న ఒక వ్యాను దానంతట అదే ప్రేలిపోయెను. దానిలోనివారు దీన్‌దార్ అంజుమన్ అను చిన్న సంఘమునకు చెందినవారని తేలెను. హిందువులకును క్రైస్తవులకును మధ్య కలహము రేపవలెనని వారు ఈ పని చేసిరని అభియోగము. 2008లో బెంగుళూరు ప్రత్యేక న్యాయస్థానము 23 మందిని దోషులుగా తీర్చెను. ఆ సంఘము బోధను ముసల్మాను పండితులలో అనేకులు అంగీకరింపరు.

దీనిని కొంచెము ఆలోచింపుడి. ఆ వ్యాను ప్రేలియుండని యెడల? ఒంగోలులోనో తాడేపల్లిగూడెములోనో ఒక క్రైస్తవ యువకుడు కోపముతో పొరుగువాని ఇంటిమీద ఒక రాయి విసరిన యెడల, బాంబు పెట్టినవాని పని అతడే పూర్తి చేసియుండును. ఉగ్రవాది మందుగుండు కొంతమేరకే పారును. మిగిలిన దూరము దానిని మోయునది మన నాలుక.

సికింద్రాబాదు స్టేషనులో రైలు దిగి, లేదా జూబిలీ బస్సు స్టేషనులో బస్సెక్కి మన పల్లెవారు ఇండ్లకు పోవుదురు. పూర్వము పట్టణపు వార్తను వారే మోసికొనిపోయిరి. ఇప్పుడు ఆ పని సెల్‌ఫోను చేయుచున్నది. వాట్సాపులో వచ్చినది చదివి ముగించకముందే పదిమందికి పంపుచున్నాము. అబద్ధపు వార్తను పుట్టింపకూడదని నిర్గమకాండము 23:1 ఆజ్ఞాపించుచున్నది. ఒక ఊరివారు ఘోరమైన నేరము చేసిరను మాట వినబడినప్పుడు కూడ, బాగుగా విచారించి, పరీక్షించి, నిజమని తేలిన తరువాతనే చర్య తీసికొనవలెనని ద్వితీయోపదేశకాండము 13:14 చెప్పుచున్నది. ఇది మెత్తని మనస్సుగలవారి సలహా కాదు, ధర్మశాస్త్రము.

మన ఊళ్లలో పరుపులు కుట్టు దూదేకులవారు, దర్జీ పని చేయు సాయిబులు, సైకిలు బాగుచేయువారు ఉన్నారు. తెలంగాణ పల్లెలలో పీర్ల పండుగనాడు అన్ని కులములవారు గుమిగూడుదురు. ఎక్కడనో బాంబు ప్రేలగానే ఆ దర్జీ కొట్టుకు పోవుట మానిన యెడల, అతడు తిరిగి మనలను ఏమి అడుగడు. బోణీ లేక సాయంకాలము కొట్టు కట్టుకొని పోవును. గడ్డము చూచి, టోపీ చూచి మనుష్యుని నిర్ణయించుట సులభము. పేతురును కూడ గలిలయుల మాటతీరునుబట్టియే పట్టుకొనిరి (మత్తయి 26:73). మనము కొలుచు ప్రభువు సాక్షాత్తు గలిలయుడే.

లూకా 13లో ప్రభువు వెంటనే అంజూరపు చెట్టు ఉపమానము చెప్పెను. దీనిని విడిగా బోధించుట మన అలవాటు. కాని పై సంభాషణకు అది కొనసాగింపు. ఫలము లేని చెట్టును నరుకుమని యజమానుడు చెప్పగా, తోటమాలి ఇంకొక్క సంవత్సరము గడువు అడిగి, చుట్టు త్రవ్వి ఎరువు వేసెదననెను. గొడ్డలి చేతిలో నున్నవాడు అతడే, ఎరువు మోయుదుననువాడును అతడే. సేద్యము చేయు మనకు ఎరువు మోయుట ఎంత కష్టమో తెలియును.

కూటము నడుపువారికి: మొదటి భాగము స్త్రీల సమాజమువారు, రెండవది యౌవనస్థులు చదివిన మంచిది. మక్కా మసీదులోను, గోకుల్ చాటులోను, ఒంగోలులోను దెబ్బతిన్న కుటుంబములకొరకు ఒకే ప్రార్థనలో విజ్ఞాపన చేయుడి. మనవారికి ఒకటి, ఇతరులకు ఒకటి అని విడదీయవద్దు. తప్పుగా చెరలో నుండిన యువకులను, దర్యాప్తు చేయు అధికారులను, న్యాయాధిపతులను కూడ మరువకుడి. పిమ్మట ఈ ప్రశ్న అడిగి, ప్రతివానిని తన మాటలలో చెప్పనియ్యుడి: మన ఊరిలో ఈ యేడు ఎవరిని గూర్చియైనను చూడకుండ తలంచిన మాట ఏదైనను వ్యాపించెనా? వ్యాపించినయెడల, అది ఎవరి ఇంటి గుమ్మము దగ్గరకు చేరినది, ఆ ఇంటికి మనలో ఎవరు పోవుదురు?