చదువుకొనువేళ వినబడు మాటలు

పబ్లికు పరీక్షలు సమీపించినప్పుడెల్ల ఉపాధ్యాయులమైన మాకు రెండు రకముల ఫిర్యాదులు వచ్చుచుండును. "మా యింట రొద యెక్కువ, చదువు తల కెక్కుట లేదు" అని విద్యార్థులందురు. "మావాడు చెవులలో పాటలు పెట్టుకొని చదువుచున్నాడు, అదేమి చదువు?" అని తలిదండ్రులందురు. ఇరువురి మాటలోను సత్యము కలదు. అయితే రొద యనగా బిగ్గరగా వినబడునదియే యని యిరువురును తలంచుచున్నారు. ధ్వని యెంత పెద్దదన్న సంగతికంటె, అందులో మాట యున్నదా లేదా, అది క్షణక్షణమునకు మాఱుచున్నదా లేదా యన్న సంగతి చదువునకు ముఖ్యము. దీనిని గ్రహించినచో ఇంటిలో పైసా ఖర్చు లేకుండ చక్కబెట్టుకొనదగినవి కొన్ని కలవు. కావున కొంత విపులముగా వ్రాయుచున్నాము.

పూర్వకాలమున చదువుట యనగా సాధారణముగా నోటితో చదువుటయే. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయములో ఐతియొపీయుడైన మంత్రి రథముపై కూర్చుండి యెషయా గ్రంథమును చదువుచుండగా ఫిలిప్పు విని దగ్గఱకు పోయెను. ప్రయాణములో తనకొఱకే చదువుకొనువాడును పైకి చదివెను గనుకనే యది ఫిలిప్పునకు వినబడెను. నాలుగవ శతాబ్దమున మిలాను నగరపు బిషప్పైన అంబ్రోసు పెదవి కదపక కన్నులతోనే చదువుట చూచి, అగస్టీను ఆ సంగతిని తన ఆత్మకథలో ప్రత్యేకముగా వ్రాసియుంచెను. మన వీధిబడులలోను పిల్లలందఱు ఎవరి పాఠమును వారు ఒక్కమాఱే గొంతెత్తి వల్లించుచుండెడివారు. ఆ గోలలోనే యెక్కములును పద్యములును కంఠస్థమగుచుండెడివి. తన గొంతు తన చెవికి దగ్గఱగా నుండుటయు, కంఠపాఠమునకు అర్థముతో నంతగా పని లేకుండుటయు ఇందుకు కారణములని మా యభిప్రాయము.

ఇప్పటి చదువు వేఱు. పెదవులు కదలకపోయినను లోపలి గొంతు పలుకుచునే యుండును. చరిత్ర పుస్తకములో నొక పెద్ద వాక్యమును చదువుచున్నామనుకొనుడు. తెలుగున క్రియ సాధారణముగా చివరనే గదా వచ్చును. అది వచ్చువఱకు కర్తను, కర్మను, నడుమనున్న విశేషణములను మనస్సులో నిలిపియుంచుకొనవలెను. అట్లు నిలుపుటకు ఆ లోపలి గొంతే తోడ్పడును. ఆ సమయమున ప్రక్కగదిలో నెవరైన మాటలాడినచో, ఆ మాటలు మనము పిలువకయే లోనికి వచ్చి మనము పేర్చుకొన్న మాటలను చెదరగొట్టును. కంటికి ఱెప్ప కలదు, చెవికి లేదు. కన్ను పంక్తి చివఱకు పోవును, చేయి పుటను త్రిప్పును. ఏమి చదివితివని యడిగినచో సమాధానముండదు.

దీనిని శాస్త్రజ్ఞులు పరీక్షించి చూచిరి. 1976లో కోల్, వెల్ష్ అను పరిశోధకులు కొందఱు విద్యార్థులకు అక్షరముల వరుసను కంటికి చూపి, ఆ వరుస తప్పకుండ తిరిగి చెప్పవలెననిరి. ఆ సమయమున వారికి జర్మను భాషలో నొక గద్యమును వినిపించిరి. దానితో వారికి పనిలేదు, ఆ భాషయు వారికి రాదు. అయినను తప్పులు పెరిగినవి. తరువాతి పరిశోధనలలో మఱి రెండు సంగతులు తేలినవి. వినిపించు మాట కొంత మెల్లనిదైనను బిగ్గరదైనను నష్టము ఇంచుమించు సమానమే. మాటకు బదులు ఒకే తీరున సాగు హోరును వినిపించినచో అట్టి నష్టము కనబడలేదు. ఇది వరుసను జ్ఞాపకముంచుకొను పనిని గూర్చిన మాట. చదివినదాని భావమును గ్రహించు పనికి మాత్రము, తెలియని భాషకంటె తెలిసిన భాషయే యెక్కువ చెఱుపు చేయునని 1988లో ప్రకటింపబడిన ప్రయోగములు చూపినవి. కావున "మేము మెల్లగానే మాటలాడుకొనుచున్నాము గదా" యని పెద్దలు సమాధానపడుటకు వీలులేదు.

సెల్‌ఫోను వచ్చిన పిమ్మట ఈ యిబ్బంది మఱింత పెరిగినది. ఇద్దఱి సంభాషణ పూర్తిగా వినబడునప్పటికంటె ఒకరి మాటయే వినబడునప్పుడు వినువాని ధ్యాస యెక్కువగా చెదరునని 2010లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు చూపిరి. వారు పరీక్షించినది చదువును కాదు, కంటితో శ్రద్ధగా చేయవలసిన పనిని; అయినను చదువునకును ఇది వర్తించునని మాకు తోచుచున్నది. అవతలివారేమనిరో యని మనస్సు ఊహించుచునే యుండును. "అట్లాగా! ఎప్పుడు? ఆస్పత్రికి తీసుకుపోయారా?" అని పిన్నిగారు ఫోనులో నడుగుచుండగా గోదావరి యుపనదుల పేర్లు చదువగల బాలుడెవడు?

పేరెత్తుట సంగతియు నిట్టిదే. 1959లో మోరే అను శాస్త్రజ్ఞుడు చేసిన ప్రయోగమున, ఒక చెవిలో వినబడు మాటలను తిరిగి పలుకుటలో మునిగియున్నవారికి రెండవ చెవిలో చెప్పినది దాదాపుగా తెలియలేదు. తమ పేరు వచ్చినప్పుడు మాత్రము సుమారు మూడింట నొకవంతు మంది గుర్తించిరి. తల్లి వంటయింటిలో పొరుగామెతో బిడ్డ పేరెత్తి మాటలాడుటయు ఒక విధమైన పిలుపే.

"మాకు అలవాటైపోయినదండీ" అని కొందఱు పిల్లలు చెప్పుదురు. వారు అబద్ధమాడుట లేదు. చికాకు నిజముగనే తగ్గును. చదువునకు గలుగు నష్టము మాత్రము తగ్గుననుకొనరాదు. న్యూయార్కు నగరమున నొక పాఠశాలకు దగ్గఱగా, ఎత్తైన వంతెనపై రైలుదారి యుండెను. బడి జరుగునంతసేపు నాలుగైదు నిమిషముల కొకమాఱు రైలు పోవును. ఆ యర నిమిషము ఉపాధ్యాయులు పాఠము నాపవలసివచ్చును. అదే భవనమున రెండవ వైపు గదులలో ఆ రొద యంతగా లేదు. 1975లో బ్రాన్‌జాఫ్ట్, మెకార్తీ అనువారు రెండు వైపుల పిల్లల పఠనశక్తిని పోల్చి చూచిరి. రైలు వైపు పిల్లలు వెనుకబడియుండిరి. ఆఱవ తరగతి పిల్లలలో ఆ వ్యత్యాసము ఇంచుమించు ఒక సంవత్సరపు చదువంత యుండెను. సంవత్సరముల తరబడి ఆ రొదలో కూర్చుండినను అలవాటు వారిని కాపాడలేదు. తరువాత పట్టాలక్రింద రబ్బరు దిండ్లు వేసిరి. తరగతి గదులకు ధ్వనిని పీల్చు పైకప్పు పలకలు అమర్చిరి. 1981లో ప్రకటించిన రెండవ పరీక్షలో ఇరువైపుల పిల్లలును సమానముగా చదువుచుండిరి. పిల్లలయందు లోపము లేదనుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను? జర్మనీలోని మ్యూనిక్ నగరమునను ఇట్టిదే జరిగినది. 1992లో పాత విమానాశ్రయమును మూసివేసి వేఱొక చోట క్రొత్తదానిని తెఱచిరి. పాతదాని దగ్గఱి పిల్లల పఠనమును జ్ఞాపకశక్తియు మెఱుగుపడగా, క్రొత్తదాని దగ్గఱి పిల్లలకు అవి తగ్గినవి.

అయినచో చీమ చిటుక్కుమనని నిశ్శబ్దము కావలెనా? అక్కఱలేదు. స్కాట్లాండు రచయిత కార్లైలు 1853లో లండనులోని తన యింటిపై, కోళ్ళ కూతయు వీధి రొదయు రాకుండ రెండు గోడలతో నొక గదిని చాల డబ్బు పెట్టి కట్టించుకొనెను. తీరా చూడగా ఇంటిలో నన్నిటికంటె రొద గలది ఆ గదియే యని తేలినది! ఒకే తీరున తిరుగు ఫ్యాను, పెంకులపై ఎడతెగక కురియు వాన అంతగా బాధింపవు. పైగా చిన్న చిన్న మాటలను కప్పివేయును. పలువురి గొంతులు కలిసి ఒకే హోరైనప్పుడు, ఒక్క గొంతు విడిగా వినబడునప్పటికంటె చెఱుపు తక్కువ యని ప్రయోగములు చూపినవి. రైలు స్టేషనులో చదువుకొనగలిగినవాడు ఇంటిలో చదువుకొనలేకపోవుటకు కారణమిదియే కావచ్చును.

పాటల విషయమున తలిదండ్రుల పక్షమే మేమును వహించుచున్నాము. పాటలోనిది మాటయే, అందులోను తెలిసిన భాష, తెలిసిన వరుస. చదువునకు ముందు విని యుత్సాహము తెచ్చుకొనుటకు మా యాక్షేపణ లేదు. లెక్కలు చేయునప్పుడు మాటలు లేని వాద్యసంగీతము కొందఱికి సహించును. పాఠము చదువునప్పుడు మాత్రము సినిమాపాటయు, ఆ మాటకు వచ్చిన కీర్తనయు, రెండును విడిచిపెట్టవలసినవే.

మైకుల సంగతి ఇంటివారి చేతిలో లేదు గాని చట్టము చేతిలో నున్నది. 2000 సంవత్సరపు ధ్వనికాలుష్య నియమముల ప్రకారము రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవఱకు ఆరుబయట మైకు పెట్టరాదు. పండుగలకై సంవత్సరమునకు 15 దినములకు మించకుండ అర్ధరాత్రి వఱకు సడలించు అధికారము ప్రభుత్వమునకు గలదు. పాఠశాలలకు, ఆస్పత్రులకు, న్యాయస్థానములకు 100 మీటర్ల లోపలి స్థలమును నిశ్శబ్ద ప్రదేశముగా పరిగణించుటకును ఏర్పాటు కలదు. పరీక్షలు వచ్చునది పెండ్లిండ్లు, జాతరలు, శ్రమదినముల కూటములు జరుగు కాలముననే. గుడియైనను మసీదైనను చర్చియైనను నియమము అందఱికిని ఒక్కటే. మన చర్చి పెద్దలు ముందుగా తమ మైకును తగ్గించినచో ఇతరులను అడుగుటకు మనకు ముఖముండును.

ఇంటిలో నేమి చేయవచ్చును? రోజంతయు ఇంటిల్లిపాదిని నోరు మూసికొనుమనుట జరుగని పని. రాత్రి భోజనమునకు ముందు ఒక గంట, తెల్లవారుజామున ఒక గంట నిర్ణయించుకొని, ఆ సమయమున టెలివిజను కట్టివేసి, ఫోను వచ్చినచో వాకిటిలోనికి పోయి మాటలాడిన చాలును. అర్థము చేసికొనవలసిన పాఠములను ఆ గంటకు ఉంచుకొని, పటములు గీయుట, శుద్ధప్రతి వ్రాయుట మొదలగు పనులను రొదవేళకు విడువవలెను. ఒంటిగది యిండ్లలో నలుగురైదుగురు కాపురమున్నచోట ఇదియు సాధ్యము కాదని మేమెఱుగుదుము. అట్టి బిడ్డలే మన బడిలో చాలమంది. వారికొఱకు సాయంకాలము 5 గంటలనుండి 7 గంటలవఱకు ఒక తరగతి గదిని తెఱచియుంచి, ఉపాధ్యాయులు వంతులవారీగా కూర్చుండుటకు అంగీకరించినచో ఒక దీపపు ఖర్చుతో పోవును. ఈ సంగతిని మేనేజరుగారి యెదుట ఉంచుచున్నాము.

బోర్డింగు విద్యార్థులకు మాత్రమొక మాట. స్టడీ వేళ నొకే హాలులో సగముమంది వల్లించుచు, సగముమంది మౌనముగా చదువుచు నుండుట రెండవవారికి అన్యాయము. పద్యములును ఎక్కములును వల్లింపవలసినవారు వరండాలోనికి పోయి చదువుకొనవలెను. వర్షము వచ్చినప్పుడు వల్లించువారు మొదటి అరగంట, మౌనముగా చదువువారు తరువాతి గంట హాలును వాడుకొనవచ్చును. ఆ యరగంటలో లెక్కలవారికి హాలుతో పనియుండదు, భోజనశాల బల్లలు ఖాళీగానే యుండును.