రిపేరు బల్ల ముందర

చిరంజీవి పాపకు,



తిరుపతి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమాలో చేరావు కాబట్టి ఇకమీద ఇంట్లో ఏది చెడిపోయినా అందరూ నీవైపే చూస్తారు. మీ జేజి రేడియో మొదలుకొని పక్కింటివాళ్ల సెట్‌టాప్ బాక్సు దాకా నీ చేతికే వస్తాయి. తరగతిలో ఓమ్ సూత్రం చదవడం ఒక ఎత్తు. గాంధీ రోడ్డులో అంగడి మెట్టెక్కి, చెడిపోయిన వస్తువును బల్ల మీద పెట్టి, అవతలి మనిషితో సరిగ్గా మాట్లాడి పని చేయించుకు రావడం ఇంకొక ఎత్తు. ఈ ఉత్తరం ఆ రెండోదాని గురించి.

ముందు నువ్వు చదువుకుంటున్న ఊరి చుట్టుపక్కల ఏమేం తయారవుతున్నాయో తెలుసుకో. షావోమీ ఫోన్ల తయారీ మన దేశంలో 2015 ఆగస్టులో మొదలైంది సత్యవేడు పక్కనున్న శ్రీసిటీలోనే, ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో. తిరుపతి దగ్గర డిక్సన్ సంస్థ టీవీలు తయారుచేస్తుంది. ఏర్పేడు మండలం వికృతమాల దగ్గర టీసీఎల్ వాళ్ల డిస్‌ప్లే ప్యానెళ్ల ఫ్యాక్టరీ ఉంది. కరకంబాడిలో తయారయ్యే అమరరాజా బ్యాటరీల సంగతి చెప్పనక్కర్లేదు, ఆ సంస్థ 1985లో మొదలైంది. ఇన్ని ఉన్నా తిరుపతిలో ఒక టీవీ బోర్డు మీద ఐసీ కాలిపోతే, ఆ ఐసీ మాత్రం చాలాసార్లు చెన్నై రిచీ స్ట్రీట్ నుంచే రావాలి. చిత్తూరు అంగళ్లకు బెంగళూరు ఎస్పీ రోడ్డు కూడా అందుబాటే. ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చేది నిండు పెట్టె. విడి భాగాలు ఎక్కువగా కంపెనీల సొంత సర్వీస్ సెంటర్లకే పోతాయి, బయటి మెకానిక్‌కు సర్క్యూట్ బొమ్మ కూడా దొరకదు. "ఎల్లుండి రాండి, పార్టు రావల్ల" అని మెకానిక్ అన్నప్పుడు విసుక్కోకుండా ఉండడానికి ఈ సంగతి తెలిసుండాలి.

ఇక అంగడికి పోయేవాళ్లు మాట్లాడే తీరు. డాక్టరు దగ్గరికి పోయినప్పుడు కడుపులో ఎక్కడ నొప్పో చెబుతాం, ఫలానా మాత్ర రాసివ్వమని అడగం. రిపేరు బల్ల ముందర మాత్రం ఎక్కువమంది నేరుగా మందు పేరే చెబుతారు. పాకాల నుంచో పీలేరు నుంచో ఒకాయన ముప్పై రెండు అంగుళాల టీవీని దుప్పట్లో చుట్టి ఆటోలో తెస్తాడు. దించీ దించగానే "ప్యానెల్ పోయిందన్నా, మార్చేదానికి ఎంతవుతాది?" అంటాడు. పని తెలిసిన మెకానిక్ ఆ ప్రశ్నకు జవాబు చెప్పడు. "మాట ఇనిపిస్తా ఉందా? ఎర్ర లైటు వెలుగుతా ఉందా? ఉరుములు ఏమన్నా పడినాయా?" అని తిరిగి అడుగుతాడు.

మాట వినిపిస్తోంది, బొమ్మ లేదు అన్నారనుకో. మెకానిక్ టీవీ ఆన్ చేసి, అంగట్లో లైటు ఆర్పి, సెల్‌ఫోన్ టార్చిని తెరకు దగ్గరగా ఏటవాలుగా పట్టుకుంటాడు. ఆ వెలుతురు పడిన చోట బొమ్మ మసకమసకగా కదులుతూ కనిపించిందంటే ప్యానెల్ పనిచేస్తున్నట్టే. పోయింది దాని వెనక వెలుతురిచ్చే ఎల్ఈడీ పట్టీలు, లేదా వాటికి కరెంటు పంపే సర్క్యూటు. ఆ పట్టీల్లో ఎల్ఈడీలు వరసగా సీరీస్‌లో ఉంటాయి కాబట్టి ఒక్కటి తెగినా ఆ వరసంతా ఆరిపోతుంది. చాలా బోర్డులు అది పసిగట్టి మిగతా వరసలకూ కరెంటు ఆపేస్తాయి. అందుకే ఒక్క చిన్న ఎల్ఈడీ పోతే టీవీ మొత్తం చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. పోయిన ఒక్కదాన్నే మార్చి పంపితే ఖర్చు తక్కువే, కానీ మిగిలినవన్నీ అదే వేడిలో అన్నేళ్లు వెలిగినవి, నాలుగు నెలలకు ఇంకోటి పోతుంది. పట్టీల సెట్టంతా మార్చమని అడుగు. ఇంటికొచ్చాక సెట్టింగ్స్‌లో బ్యాక్‌లైట్‌ను వందలో పెట్టకుండా అరవై, డెబ్బైకి తగ్గించు, పట్టీలు ఎక్కువ కాలం ఉంటాయి. ఒకవేళ తెర నిజంగానే పగిలి ఉంటే మాత్రం రిపేరు మాట మరిచిపోవచ్చు. ప్యానెల్ ధర చాలావరకు కొత్త టీవీ ధరకు దగ్గర్లోనే ఉంటుంది.

అదే బల్ల మీద ఒక చెక్కకు బిగించిన పాతకాలపు ఫిలమెంట్ బల్బు కనిపిస్తుంది, చూడు. అరవై వాట్లదో, వంద వాట్లదో. దాన్ని సీరీస్ బల్బు అంటారు. చెడిపోయిన బోర్డును మెకానిక్ నేరుగా ప్లగ్గులో పెట్టడు, ఈ బల్బు గుండా కరెంటు ఇస్తాడు. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే భయం లేదు, ఆ మెరుపు కెపాసిటర్ నిండుతున్నప్పటిది. బల్బు నిండుగా వెలిగి అలాగే నిలిచిపోతే బోర్డులో ఎక్కడో షార్టు ఉంది. ఆ షార్టు గుండా కరెంటు మరీ పెరగకుండా బల్బు అడ్డుపడుతుంది కాబట్టి బోర్డు ఇంకా కాలకుండా మిగులుతుంది. ఇంత చవగ్గా ఇంత నికరంగా జవాబు చెప్పే పరికరం మీ ల్యాబులో కూడా అరుదు. దాన్ని చూసినప్పుడు ఇంకొకటి గుర్తుపెట్టుకో. టీవీ సప్లై బోర్డు మీది పెద్ద కెపాసిటర్‌లో 230 వోల్టుల కరెంటు సుమారు 325 వోల్టుల డీసీగా మారి నిలబడి ఉంటుంది. ప్లగ్గు పీకిన తర్వాత కూడా అది కొంతసేపు అక్కడే ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో దాని రెండు కాళ్లనూ కలపడం కొందరికి అలవాటు. నువ్వు ఆ పని చేయొద్దు. రెసిస్టర్‌తోనో బల్బుతోనో మెల్లగా దించి, మీటరు పెట్టి చూసి, అప్పుడే చెయ్యి పెట్టు.

సీలింగ్ ఫ్యాను సంగతి ఇంత దూరం పోదు. మెల్లగా తిరుగుతోంది, చేత్తో తోస్తే గాని కదలడం లేదు అంటే ముందు అనుమానించాల్సింది కండెన్సర్‌ను, అంటే కెపాసిటర్‌నే. సాధారణంగా అది 2.5 మైక్రోఫారడ్‌ది. ఖర్చు తక్కువ, పని పది నిమిషాలు. వైండింగ్ కాలిన వాసన వస్తే అది వేరే లెక్క.

ఫోన్ల దగ్గర తిరుపతికి ఇంకే ఊరికీ లేని హడావిడి ఉంది. కొండకు వచ్చే యాత్రికుడి ఫోనులోనే దర్శనం టికెట్టు, గది బుకింగు, తిరుగు రైలు, దుడ్లు అన్నీ ఉంటాయి. అలిపిరి మెట్లు 3,550 ఎక్కుతుండగా వానలో తడిసో, చేయి జారి పడో ఆ ఫోను ఆగిపోతే ఆయనకు అరపూటలో బాగు కావాలి. ఆయన మాట్లాడేది తమిళమో కన్నడమో హిందీయో కావచ్చు. తిరుపతి మెకానిక్‌కు ఈ భాషలన్నిట్లో "తడిసిన తర్వాత చార్జింగ్ పెట్టినారా?" అని అడగడం వచ్చు. ఆ ఒక్క ప్రశ్నలో సగం జవాబు ఉంది. నీళ్లు లోపలుండగా కరెంటు పారితే రాగి గీతలు, కనెక్టర్ల కాళ్లు తుప్పు పట్టి పాడైపోతాయి. తడిసిన ఫోన్‌ను ఆపేయాలి, చార్జర్ దగ్గరికి పోనివ్వకూడదు, వీలైనంత తొందరగా విప్పించి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగించాలి. బియ్యం డబ్బాలో పెట్టే అలవాటు మన ఇళ్లలో గట్టిగా పాతుకుపోయింది. బియ్యం లోపలి తడిని లాగదు, పైగా నూక, పొడి పోర్టులోకి పోతాయి. 2024 మొదట్లో ఆపిల్ సంస్థ కూడా తన ఐఫోన్లను బియ్యంలో పెట్టొద్దనే చెప్పింది. 2021 నవంబరు వరదల్లో తిరుపతి కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి కదా, ఫ్రిజ్జు, వాషింగ్ మెషీన్, ఇన్వర్టర్లకూ ఇదే మాట: నీళ్లు తీసిపోగానే పనిచేస్తుందో లేదో చూద్దామని స్విచ్చి వేయకూడదు.

చార్జింగ్ పట్టడం లేదని ఫోన్ తెచ్చేవాళ్లలో కొంతమందికి పోర్టు మార్చే పనే ఉండదు. జేబులోని నూలు పోగులు పోర్టులో గట్టిగా కూరుకుపోయి కేబుల్ పూర్తిగా దిగనివ్వవు. ఫోన్ ఆపి పుల్లతో నిదానంగా తీస్తే సరిపోతుంది. డిస్‌ప్లే మార్పించేటప్పుడు మాత్రం నోరు తెరిచి అడుగు: ఒరిజినలా, కాపీనా, అమోలెడ్‌కు అమోలెడే వేస్తున్నారా అని. అమోలెడ్ తెర ఉన్న ఫోనుకు సాదా ఎల్‌సీడీ బిగిస్తే బొమ్మ వస్తుంది, తెర లోపలి వేలిముద్ర మాత్రం పనిచేయదు. చవకది వేయించుకోవడం తప్పేమీ కాదు, తెలిసి వేయించుకోవాలి. ఏది వేశారో బిల్లులో రాయించుకో, తీసేసిన పాత భాగం తిరిగి అడుగు. ఇచ్చేముందు సిమ్ము, మెమరీ కార్డు తీసేయి, ఫొటోలు దాచుకో, *#06# కొట్టి ఐఎంఈఐ నంబరు రాసిపెట్టుకో. లాక్ నంబరు చీటీ మీద రాసిచ్చే అలవాటు ఎవరికీ వద్దు, ముఖ్యంగా ఆడపిల్లలకు. శాంసంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ ఉన్నాయి. అవి వేసి ఇస్తే నీ ఫొటోలు, సందేశాలు కనపడకుండా ఫోన్‌ను పరీక్ష చేసుకోవచ్చు. మోడ్ లేకపోతే అంగట్లోనే కూర్చుని నీ ఎదురుగా చేయించుకో.

పాత ఫోను కొంటున్నావంటే ఐఎంఈఐ మళ్లీ పనికొస్తుంది. కేవైఎం అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ నంబరు వేసి 14422కు మెసేజ్ పంపితే ఆ ఫోను వివరం వస్తుంది. 2023 మేలో వచ్చిన సంచార్ సాథీ పోర్టల్‌లో కూడా చూసుకోవచ్చు. దొంగ ఫోను చేతికొస్తే పోయేది దుడ్లు మాత్రమే కాదు, పోలీసుల దాకా నడవాలి.

కొత్త వస్తువు కొనడానికి పెద్ద షోరూముకు పోయినప్పుడు తళతళలాడే తెరల కన్నా అంటించిన కాగితాలు చదువు. ఫ్రిజ్జు, ఏసీ మీద నక్షత్రాల లేబుల్ ఉంటుంది. అందరూ నక్షత్రాలు లెక్కపెట్టి వదిలేస్తారు. దాని మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు తాగుతుందో, ఆ లేబుల్ ఏ కాలానికి చెల్లుతుందో కూడా అచ్చయి ఉంటాయి. నక్షత్రాల కొలత అప్పుడప్పుడు బిగుస్తుంది కాబట్టి పాత సరుకు మీది ఐదు నక్షత్రాలు కొత్త లెక్కలో నాలుగో మూడో కావచ్చు. రెండు ఏసీల యూనిట్ల తేడాను మీ ఇంటి కరెంటు బిల్లులోని యూనిట్ ధరతో గుణించు, ధరలో తేడా ఎన్నేళ్లలో తిరిగొస్తుందో అక్కడే తేలుతుంది. చార్జర్, పవర్ బ్యాంకు కొంటే బీఐఎస్ గుర్తు కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉందో లేదో చూసి, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడు. వేరే కంపెనీ పేరు వస్తే పక్కన పెట్టేయి. ఎంఆర్‌పీ అంటే పన్నులన్నీ కలిపిన ధర, దాని మీద మళ్లీ జీఎస్టీ వేయడానికి లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీలకు, 32 అంగుళాలు దాటిన టీవీలకు జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది, బిల్లులో ఆ అంకె సరిచూసుకో. బిల్లు లేకుండా ఇంకో రెండొందలు తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు. వారంటీ లెక్క మొదలయ్యేది ఆ బిల్లు తేదీ నుంచే, సీరియల్ నంబరు కూడా అందులో ఉండాలి.

మన చిత్తూరు వైపు ఎండాకాలం సాయంత్రాల్లో గాలీవానా, పిడుగులూ మామూలే. మరుసటి రోజు రిపేరు అంగళ్ల ముందు సెట్‌టాప్ బాక్సులు వరస కడతాయి. ప్లగ్గు తీశాం కదా అంటారు జనం, కేబుల్ తీయరు. డిష్ వైరు, రాగి కేబుల్ గుండా వచ్చిన వోల్టేజి సెట్‌టాప్ బాక్సును కాల్చి, హెచ్‌డీఎంఐ తీగ పట్టుకుని టీవీ బోర్డు దాకా పోతుంది. ఉరుము వినపడగానే రెండూ తీసేయాలి. ఫైబర్ తీగ కరెంటును మోయదు, కానీ రౌటర్ అడాప్టర్ ప్లగ్గులోనే ఉంటుంది కదా, దాన్నీ తీయాలి.

డబ్బుల మాటకొస్తే, "ఒక్క కండెన్సరేగా, ఇంత తీసుకుంటావా?" అని మెకానిక్‌తో గీచి గీచి బేరమాడేవాళ్లను నువ్వు చాలామందిని చూస్తావు. ఆ కండెన్సర్ ధరకు కాదు, బోర్డు మీదున్న వందల భాగాల్లో పోయింది అదేనని కనిపెట్టినందుకు ఇస్తున్నాం ఆ కూలి. రిపేరు కుదరదని తేల్చి చెప్పినా, విప్పి చూసినందుకు ఇవ్వాల్సింది ఇచ్చి రా. అలాగే విప్పకముందే ఎంతవుతుందో, చూసినందుకు ఎంతో అడిగి తేల్చుకోవడం నీ హక్కు.

అంగడివాడు గానీ కంపెనీ గానీ మొండికేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, తెలుగులో మాట్లాడతారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కొన్న ధర ఐదు లక్షల లోపయితే అక్కడ ఫీజు లేదు. రిపేరు హక్కు గురించి కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జులైలో ఒక కమిటీ వేసింది, ఆ ఏడాది డిసెంబరు 24న పోర్టల్ తెరిచింది. కొన్ని కంపెనీల మాన్యువళ్లు, విడి భాగాల వివరాలు అందులో దొరుకుతాయి. నీలాంటివాళ్లు దాన్ని వాడి, లేనివాటి కోసం అడుగుతూ ఉంటే తప్ప అది పెరగదు.

పనిముట్లు కొనాలని రాశావు. మొదట ఒక మంచి డిజిటల్ మల్టీమీటర్, బీప్ మోడ్ ఉన్నది. తర్వాత 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, సన్నటి లెడ్డు, ఫ్లక్స్ పేస్టు, లెడ్డు పీల్చే పంపు. హాట్ ఎయిర్ యంత్రం ఇప్పుడే వద్దు. అంగట్లో పాత చార్జర్ల బోర్డులు అడిగితే ఊరికే ఇస్తారు, వాటి మీద భాగాలు తీసి మళ్లీ అతికించడం నేర్చుకో. ఉబ్బిన ఫోన్ బ్యాటరీ మాత్రం నేర్చుకోవడానికని కూడా ముట్టుకోవద్దు, గుచ్చుకుంటే మంట లేస్తుంది. అలాంటివి చెత్తబండిలో వేయకుండా సర్వీస్ సెంటర్‌కు అప్పజెప్పు. దసరా సెలవులకు వచ్చేటప్పుడు మీటరు వెంట తెచ్చుకో. ఇక్కడ మిక్సీ నడుస్తూ నడుస్తూ ఆగిపోతోంది, అడుగున ఎర్ర బటన్ నొక్కితే మళ్లీ తిరుగుతోంది. కార్బన్ బ్రష్షులు అరిగాయో, జార్ అడుగు బిగుసుకుపోయి లోడు పడుతోందో చూడాలి.

ఇట్లు,
పెద్దనాయన