332 అను అంకెను గూర్చి

చిరంజీవియగు మేనల్లునికి నీ మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. నీ దగ్గు తగ్గినదో లేదో వ్రాయవైతివి కాని, అనునాద ప్రయోగములో ధ్వనివేగము సెకనుకు సరిగా 332 మీటర్లే వచ్చినదని మాత్రము పుట నిండ వ్రాసి మురిసితివి. ఆ పంక్తి చదివినది మొదలు నా మనసు మనసులో లేదు.

బెజవాడలో, చైత్రమాసపు మధ్యాహ్నమున, 332 ఎట్లు వచ్చును నాయనా? అది సున్న డిగ్రీల చలిలోని వేగము. డిగ్రీకి 0.6 మీటరు చొప్పున పెరిగి, 33 డిగ్రీల వేడిలో అది 350 దాటవలెను. నీరు నింపిన గొట్టపు నోటికడ 512 కంపనముల శ్రుతిదండమును పట్టి నీటిని దించుచు పోగా, నీటితలమున అస్పందనమును, నోటికి ఒకింత వెలుపల ప్రస్పందనమును నిలిచి, లోని గాలి మొదట పావు తరంగమునకును, పిదప ముప్పావు తరంగమునకును ఘొల్లుమని పలుకును; ఆ రెండు పొడవుల అంతరము అర తరంగము, అనగా నీ గదిలో 34 సెంటీమీటర్లకు పైమాటే. నీ అంకెకు 32 పైచిల్లర చాలును. అనగా ఆ తక్కువ పడిన రెండు సెంటీమీటర్లు నీవు చెవితో విన్నవి కావు, పుస్తకము చూచి దిద్దినవి. తోటివారందఱు అట్లే చేయుదురందువు. చేయుదురు గాక, వారు నా మేనల్లుండ్రు కారు.

నా చిన్నతనమున శ్రీరామనవమి పందిరిలో మీ తాతగారు వేణువు వాయించుచుండ, ఉదయము కలిపిన శ్రుతి పొద్దెక్కినకొలదియు హార్మోనియముతో కొట్టుకొనసాగెను. హార్మోనియపు లోహపు నాలుక వేడికి ఇంచుమించు కదలదు; తెరచిన గొట్టమై పలుకు వేణువులోని గాలియో, పది డిగ్రీలు వేడెక్కినచో 300 కంపనముల స్వరమును ఐదు కంపనములు పైకి నెట్టును; ఆ అంతరమే సెకనుకు ఐదు విస్పందనములై చెవిని తట్టును. పానకము పంచువారికిని తెలిసినది. (ఆ పానకములోని మిరియపు ఘాటు, మీ అమ్మమ్మ చేతిది, ఇప్పటికిని నా నాలుకపై నున్నది.) తాతగారు కీర్తన నాపి, ఊదు రంధ్రమును పెదవితో మఱికొంత కప్పి, విస్పందనములు నెమ్మదించి నెమ్మదించి అణగువఱకు స్వరమును దించి గాని పల్లవి నెత్తుకొనలేదు.

కోపగించుకొందువేమో, కోపగించుకొనినను రాత్రివేళ మిరియాల పాలు మానకుము. 20 రూపాయలు మనియార్డరు చేసితిని. ఉష్ణమాపకము ఆ ప్రయోగపు గది గోడకే వ్రేలాడుచుండును గదా, ఈ మాఱు దానిని గూడ చూచి, రెండు పొడవులను వచ్చినవి వచ్చినట్లే వ్రాసి పంపుము. వేగము నేను లెక్కకట్టుకొందును.