హోల్డాన్ అనకముందే ఆగాలి

ఇంగ్లండులో బ్లాక్‌పూల్ అని సముద్రం ఒడ్డున ఓ ఊరుంది. బ్రిటన్ బస్సు డ్రైవర్లకు 1967 నుంచి అక్కడ పోటీ పెడుతున్నారు. దేశం నలుమూలల నుంచి డ్రైవర్లు వచ్చి బండి తోలి చూపిస్తారు, ఆ ఏటికి మేటి ఎవరో తేలుతుంది. అమెరికాలోనూ ప్రజా రవాణా సంఘం ఒకటి ఇలాంటి పోటీ జరుపుతుంది. దాన్ని రోడియో అంటారు.

మన దగ్గర ఉన్నవి అవార్డులు. ఢిల్లీలో రాష్ట్ర రవాణా సంస్థలన్నిటికీ కలిపి ఏఎస్‌ఆర్‌టీయూ అనే సంఘం ఉంది. ఏళ్ల తరబడి ప్రమాదం చేయని డ్రైవర్లను పిలిచి సన్మానిస్తుంది. డిపోల్లో పంద్రాగస్టుకో, రోడ్డు భద్రతా వారోత్సవాలకో శాలువా కప్పుతారు. మంచిదే, కాదనను. కానీ అవన్నీ రికార్డు తిరగేసి ఇచ్చేవి. 'ఏదీ, తోలు చూద్దాం' అని పక్కన కూర్చుని మార్కులేసేది వేరే సంగతి.

ఆర్టీసీలో సిటీ బండి తోలి రిటైరైనవాణ్ణి. ఉండేది టోలిచౌకిలో. 2025లో వెయ్యి డ్రైవర్ పోస్టులకు నోటిఫికేషన్ పడ్డాక మా గల్లీ పిల్లలు 'కాకా, టెస్టులో ఏం చూస్తారే?' అని అడగడం ఎక్కువైంది. టెస్టులో ఏం చూస్తారో ఇన్‌స్ట్రక్టర్లు చెప్తారు. ఏం చూడాలో నేను చెప్తాను.

1. సీట్లో కూర్చోకముందే సగం డ్యూటీ అయిపోవాలి.

అమెరికా పోటీలో దీనికీ ఓ పరీక్ష ఉంది. బండిలో కావాలని లోపాలు పెట్టి ఉంచుతారు. ఇచ్చిన టైములో డ్రైవర్ చుట్టూ తిరిగి అవన్నీ పట్టుకోవాలి. ఈ సంగతి తెలిసిన రోజున నాకు ఎంత సంతోషమైందో! మన డిపోలో తెల్లవారుజామున చీకట్లో రాడ్డు పట్టుకుని టైర్లు కొట్టుకుంటూ తిరిగేవాణ్ణి చూసి నవ్వేవాళ్లుంటారు. వెనక జంట టైర్లలో లోపలిది గాలి దిగినా బయటిది బరువు మోస్తుంది. కంటికి తెలియదు, కొడితే చప్పుడులో తెలుస్తుంది. ఎయిర్ గేజి ముల్లు పైకి రాకుండా బండి కదిలించకూడదు. ఇంజన్ ఆపి బ్రేకు తొక్కి పట్టుకుంటే ఆ ముల్లు ఎంత దిగుతుందో చూడాలి, ఎక్కడైనా గాలి లీకవుతుంటే అక్కడే బయటపడుతుంది. అద్దాలు నీ ఎత్తుకు సర్దుకోవాలి, నిన్న తోలినవాడి ఎత్తుకు కాదు. లోపం కనబడితే లాగ్‌షీట్‌లో రాయాలి. మెకానిక్‌కు నోటితో చెప్పింది ఎవరికీ గుర్తుండదు, రాసింది రేపు నిన్ను కాపాడుతుంది.

2. బండికి తోక ఉంటుంది, దాన్ని మర్చిపోవద్దు.

పెద్ద సిటీ బస్సు పొడవు 12 మీటర్ల దాకా ఉంటుంది. వెనక ఇరుసు దాటి బయటికి వేలాడే భాగం చక్రాల మధ్య దూరంలో 60 శాతం దాకా ఉండొచ్చని మోటారు వాహనాల నిబంధనలే ఒప్పుకుంటాయి. అంటే స్టీరింగ్ కుడికి కోస్తే ఆ తోక ఎడమకు ఊగుతుంది. ముందు బంపర్ ఎక్కడుందో లైసెన్సున్న ప్రతివాడికీ తెలుసు. తోక ఎక్కడుందో తెలిసినవాడే డ్రైవర్. టోలిచౌకి దగ్గర సెవెన్ టూంబ్స్ రోడ్డు మలుపులో ఎడమ పక్కన బైకులు తోకను ఆనుకునే నిలబడతాయి. రంజాన్ రాత్రుల్లో హలీం కోసం వచ్చిన కార్లు పాత బొంబాయి రోడ్డును సగం మింగేస్తాయి. అక్కడ ముందుకు కాస్త ఎక్కువ పోయి, ఎడమ అద్దం చూసి, అప్పుడు కోయాలి. అద్దం చూడకుండా కోసినవాడికి సారీ చెప్పే అవకాశం కూడా దొరకదు.

రోడియోలో దీనికో పరీక్ష ఉంది. రెండు వరసల్లో టెన్నిస్ బంతులు పరుస్తారు. మధ్య సందు జంట టైర్ల కంటే కొన్ని అంగుళాలే ఎక్కువ. వెనక చక్రాలు అందులోంచి పోవాలి, బంతి కదలకూడదు. డ్రైవర్ ఆ బంతుల్ని సరిగ్గా చూడనైనా చూడలేడు, అద్దంలోనే లెక్క కట్టుకోవాలి. మన లైసెన్స్ టెస్టులో ఎనిమిది అంకె ఆకారంలో తిప్పిస్తారు, హెచ్ ట్రాక్ మీద రివర్స్ చేయిస్తారు. అది లైసెన్సుకు చాలు. పాతికేళ్లు తోలబోయేవాడికి చాలదు.

3. ఆపడం తోలడం కంటే పెద్ద విద్య.

బ్రేకు ఒక్క దెబ్బకు తొక్కేది కాదు. ముందు తాకాలి, తర్వాత నొక్కాలి, బండి ఆగే చివరి క్షణంలో కొంచెం వదలాలి. ఆ చివరి వదలడం తెలిస్తే నిలబడ్డ మనిషి తల ముందుకు ఊగదు. పోటీల్లో జడ్జీలు బండి లోపలే కూర్చుని కుదుపు ఎంతో చూస్తారు, దానికీ మార్కులుంటాయి. స్టాపులో కాలిబాటకు ఎంత దూరంలో ఆపావో కొలుస్తారు.

మనకు ఆ మార్కులు ఇంకా ఎక్కువ కావాలి. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి కింద ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చినప్పటి నుంచి సిటీ బండి లోపల కడ్డీ పట్టుకున్నవాళ్లే ఎక్కువ. పసిపిల్లను చంకన వేసుకున్నామెకు ఒక చెయ్యే ఖాళీ. 'ఆగే చలో, ఆగే చలో' అని కండక్టర్ ఎంత అరిచినా ముందు గుమ్మం దగ్గర గుంపు కదలదు. బరువు పెరిగిన బండి ఖాళీ బండిలా ఆగదు, రెండు స్టాపుల ముందు ఉన్న అంచనా ఇప్పుడు పనికిరాదు. ఎక్కిన జనాన్ని అద్దంలో చూసుకుంటూ కాలిని మళ్లీ మళ్లీ సర్దుకోవాలి.

మా దగ్గర షేక్‌పేట ఫ్లైఓవర్ 2022 జనవరి 1న తెరిచారు, 2.8 కిలోమీటర్లు. కార్లవాళ్లకు పండగ. బస్సెక్కేవాళ్లు నిలబడేది కిందనే కదా, ఆటోల వెనకాల. ఆటో అడ్డంగా ఉందని రోడ్డు మధ్యలో ఆపి జనాన్ని దింపేవాణ్ణి నేను డ్రైవర్ కింద లెక్కవేయను. ఒక హారన్, కాస్త ఓపిక, ఆ తర్వాత ఆటోవాడే కదులుతాడు.

4. కేఎంపీఎల్ కోసం ప్రాణం పెట్టు, జనం ప్రాణాలు పణంగా పెట్టకు.

లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అన్నది డిపోలో రోజూ బోర్డు మీద రాసే లెక్క. సిటీలో అయిదు దాటించాలంటే చెమటలు పడతాయి. డీజిల్ ఆదా చేసేది ఒక్క కాలే, అదీ ముందుచూపున్న కాలు. దూరాన సిగ్నల్ ఎర్రబడితే యాక్సిలరేటర్ అప్పుడే వదిలేయాలి. దగ్గరికి వెళ్లి బ్రేకు కొట్టినవాడు తాగించిన డీజిల్ అంతా డ్రమ్ములో వేడిగా పోతుంది.

దొంగ దారి ఒకటుంది, న్యూట్రల్. దిగుడులో గేరు తీసేసి జారవిడుస్తారు. కొత్త ఇంజన్లలో అది శుద్ధ దండగ కూడా. గేరులో ఉండి కాలు తీస్తే ఇంజన్‌కు డీజిల్ పోవడమే ఆగిపోతుంది, న్యూట్రల్‌లో అయితే ఇంజన్ తిరగడానికి తాగుతూనే ఉంటుంది. దండగ సంగతి పక్కన పెట్టినా, న్యూట్రల్‌లో ఇంజన్ బండిని పట్టుకోదు. భారమంతా బ్రేకు మీద పడుతుంది. డ్రమ్ములు కాలిపోతాయి, లైనర్లు పట్టు వదులుతాయి. ఎక్కిన గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పేది ఇందుకే. గేరు మార్చేది కూడా దిగుడు మొదలుకాకముందే, మధ్యలో కాదు.

5. కొండగట్టు.

దీనికి వేరే పేరు పెట్టలేను. 2018 సెప్టెంబర్ 11న జగిత్యాల జిల్లాలో కొండగట్టు ఘాట్ దిగుతూ ఆర్టీసీ బస్సు లోయలో పడింది. 60 మందికి పైగా పోయారు. డ్రైవరూ పోయాడు. బస్సులో ఉండాల్సిన వాళ్లకంటే చాలా ఎక్కువ మంది ఉన్నారు. ఆ డ్రైవర్‌కు అంతకు ముందు నెలలోనే ఉత్తమ డ్రైవర్ అవార్డు ఇచ్చారని పత్రికలు రాశాయి.

చనిపోయిన తోటి డ్రైవర్ మీద తీర్పు చెప్పే అర్హత నాకు లేదు, చెప్పను కూడా. నేను అడిగేది అవార్డు గురించి. ఉత్తముడని శాలువా కప్పేటప్పుడు మనం ఏం కొలుస్తున్నాం? కిక్కిరిసిన బండిని ఘాట్ దింపడం వచ్చో రాదో ఏ రికార్డులో ఉంటుంది? ఆ బరువుతో దిగనని మొండికేసే హక్కు డ్రైవర్‌కు ఉందా? నిర్దేశించిన దానికి మించి బరువెక్కించాక నైపుణ్యం గురించి మాట్లాడటమే తప్పు. ఈ మాట డ్రైవర్లకంటే ఆఫీసర్లు ఎక్కువ వినాలి.

6. రివర్స్‌లో అహంకారం పనికిరాదు.

కండక్టర్ వెనక నిలబడి బాడీ మీద చేత్తో కొడుతూ 'రానీ... రానీ...' అంటాడు. 'హోల్డాన్!' అనగానే ఆగాలి. అద్దంలో ఆ మనిషి కనబడకపోతే అతని మాట వినబడినా సరే, అక్కడే ఆపేయాలి. పోటీలో అలా చెప్పేవాళ్లెవరూ ఉండరు, కోన్ల మధ్య ఒక్కడే వెనక్కు పోవాలి. మా రోజుల్లోనూ గట్టివాళ్లు హోల్డాన్ వినబడకముందే ఆగేవాళ్లు. కండక్టర్ ఉన్నది రెండో కంటి కోసం, మొదటి కన్ను నీదే.

7. హారన్ ఎంత తక్కువ కొడితే అంత పెద్ద డ్రైవర్‌వి.

8. సినిమా తోలడం నేర్చుకోవద్దు.

మా షేక్‌పేట దాటి కొంచెం పైకెక్కితే ఫిల్మ్‌నగర్. సినిమాలో బస్సు సీనంటే బండి గాల్లోకి లేవాలి, పక్కకు జారాలి, అద్దాలు పగలాలి. తీసేవాళ్ల కష్టం వాళ్లది, అందులో నిపుణులున్నారు, గౌరవిస్తాను. కానీ మన విద్య దానికి పూర్తిగా వ్యతిరేకం. మంచి డ్రైవర్ తోలితే చూడటానికి ఏమీ ఉండదు. బండి మెత్తగా కదులుతుంది, మెత్తగా ఆగుతుంది, జనం ఫోన్లు చూసుకుంటూ దిగిపోతారు. ఈ పనికి చప్పట్లు రాకపోవడానికి అసలు కారణం అదే. మన దగ్గరా పోటీ కావాలని నేను అడగబోతున్నదీ అందుకే. కోన్లు పెట్టి, బంతులు పరిచి చూపిస్తే తప్ప కనబడని పనితనం ఇది.

9. నిద్ర కూడా డ్యూటీలో భాగమే. డబుల్ డ్యూటీ డబ్బు తీపిగా ఉంటుంది. కన్ను మూతపడితే నైపుణ్యం ఎంతున్నా లెక్కలేదు.

10. కొత్త బండిని కొత్తగా నేర్చుకో.

హైదరాబాద్‌లో 2019 నుంచి ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి. గేర్లు లేవు, క్లచ్ లేదు. యాక్సిలరేటర్ వదిలితే మోటారే బండిని పట్టి ఆపుతూ కరెంటును బ్యాటరీలోకి తిరిగి పంపుతుంది. డీజిల్ బండి మీద ఇరవై ఏళ్లు తోలినవాడు మొదట్లో కాలు ఒక్కసారిగా వదిలి జనాన్ని ముందుకు తూలిస్తాడు. చప్పుడు లేని బండి వస్తోందని నడిచేవాళ్లకు తెలియదు, గల్లీ మొగల్లో మరింత జాగ్రత్త కావాలి. సీనియర్లమనే మాట ఇంటి దగ్గర వదిలి ట్రైనింగ్‌కు వెళ్లాలి.

11. ఈ సీటు మగవాళ్ల సొత్తు కాదు.

మన యాదాద్రి భువనగిరి జిల్లా తండా ఆడబిడ్డ వాంకుడోతు సరిత 2015లో ఢిల్లీలో డీటీసీ బస్సు స్టీరింగ్ పట్టింది, అక్కడ ఆమే మొదటి మహిళా డ్రైవర్. 2025లో టీజీఎస్‌ఆర్టీసీలోకి వచ్చి ఇక్కడా మొదటిదైంది. సొంత రాష్ట్రంలో ఆ సీటు దక్కడానికి పదేళ్లు పట్టింది. కోన్ల మధ్య బండికి తోలేది ఆడో మగో తెలియదు.

12. ఇక నేను అడిగేది.

నిజాం రైల్వే రోడ్డు రవాణా విభాగం 1932 జూన్‌లో 27 బస్సులతో మొదలైంది. ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ 1958 జనవరి 11న పుట్టింది. 1999లో ప్రపంచంలోకెల్లా ఎక్కువ బస్సులున్న సంస్థగా గిన్నిస్‌లోకి ఎక్కింది. అంత పెద్ద సంస్థకు తగ్గ జాతీయ పోటీ మనమే మొదలుపెట్టి ఉండాల్సింది. ఇప్పుడైనా ఆలస్యం కాలేదు. హకీంపేటలో ట్రైనింగ్ కాలేజీ ఉంది, స్థలముంది, నేర్పేవాళ్లున్నారు. రెండు తెలుగు రాష్ట్రాల ఆర్టీసీలు కలిసి మొదలుపెడితే కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర వాళ్లు రాకుండా ఉంటారా?

కావలసింది కొన్ని కోన్లు, ఓ డబ్బా టెన్నిస్ బంతులు, లోపాలు దాచిపెట్టిన ఒక బండి, లోపల నిలబడి మార్కులేసే కొందరు ప్రయాణికులు. జడ్జీలుగా ఆఫీసర్లే కాదు, రోజూ కడ్డీ పట్టుకుని నిలబడే ఆడవాళ్లను కూర్చోబెట్టండి. అద్దె బస్సులు తోలేవాళ్లనూ, ఎలక్ట్రిక్ బస్సుల కంపెనీ డ్రైవర్లనూ రానివ్వండి, వాళ్లూ తోలేది మన జనాన్నే. డ్రైవర్ల ఇళ్లవాళ్లకు పాసులివ్వండి. జనవరిలో రోడ్డు భద్రతా మాసం ఎలాగూ ఉంది. ఈసారి ఉపన్యాసాలు తగ్గించి, బండ్లు మైదానంలోకి తీయండి.