బాయిలరు నెచ్చట నుంచవలెను?

ప్రశ్న: ఇంగ్లండులోని మా యింటి వంటగదిలో నున్న పాత గ్యాసు బాయిలరును తీసివేసి, క్రొత్తదానిని పడకగదిలో పెట్టించి, పొగగొట్టమును ప్రక్కసందులోనికి వదలవచ్చునా?

జవాబు: పడకగదిలో బాయిలరు నుంచుటను చట్టము సర్వథా నిషేధింపలేదు, కాని 1998 నాటి గ్యాసు భద్రతా నియమముల ననుసరించి, శయనగృహమునందు 14 కిలోవాట్లకు మించిన బాయిలరు, దహనమునకు వలయు గాలిని గదినుండి గాక బయటినుండియే గ్రహించి, దహనవాయువులను మరల బయటికే విడుచునదై యుండి తీరవలెను. స్నానగృహమున నైతే ఎంత చిన్నదానికైనను ఈ నిబంధనయే.

పొగగొట్టపు విషయమున మరింత జాగరూకత యావశ్యకము. ఏలయన, దహనము సరిగా జరుగనపుడు పుట్టు కార్బన్ మోనాక్సైడు రంగును వాసనయు లేనిదగుటచే, కిటికీగుండ లోనికి వచ్చినను నిద్రించువారు దానిని గుర్తింపజాలరు. అందువలన ఫ్యానుగల బాయిలరు గొట్టపు కొన, తెరచుకొను కిటికీకి గాని తలుపునకు గాని 300 మిల్లీమీటర్ల లోపున నుండరాదు. ఎదుటి గోడకు, సరిహద్దునకు 600, ఎదురుగా నున్న మరియొక గొట్టపు కొనకు 1200 మిల్లీమీటర్ల యెడముండవలెను. ఇవి కనిష్ఠములు మాత్రమే. తయారీదారులు అంతకు మించి కోరినచో దానినే పాటింపవలెను. మీ సందు ఇరుకైనదైనచో, కండెన్సింగు బాయిలరు విడుచు తెల్లని ఆవిరి పొరుగువారిని నిరంతరము బాధించును గావున, గొట్టమును ఇంటికప్పు మీదికి కొనిపోవుటయే మేలని నా దృఢాభిప్రాయము.

గ్యాస్ సేఫ్ రిజిస్టరులో నమోదైన పనివాని చేతనే ఈ పని చేయింపుడు. కార్బన్ మోనాక్సైడు అలారమును బాయిలరున్న గదిలోనే పెట్టింపుడు; క్రొత్త బాయిలరుతో పాటు దానిని అమర్చుట 2022 అక్టోబరునుండి ఇంగ్లండులో నియమమే.